శంషాబాద్ నుంచి ఎంత దూరం, ఎన్ని గంటలు? విమాన ప్రయాణం లెక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో ఎవరి టికెట్ బుక్కయినా ఫోన్ నాకే వస్తుంది. "ఎన్ని కిలోమీటర్లురా?", "ఎన్ని గంటలు కూర్చోవాలి?", "దిగేసరికి అక్కడ పగలా, రాత్రా?" అని. ప్రశ్నలు అవే, గొంతులే వేరు. ఒకే వారంలో మా అత్తయ్యకి, బాబాయికి, మళ్లీ బాబాయి వాళ్లబ్బాయికి అదే కథ మూడుసార్లు చెప్పాక ఇక రాసి పెట్టేద్దాం అనిపించింది. నేను పైలట్‌ని కాను, ట్రావెల్ ఏజెంట్‌ని కూడా కాను. మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ, లెక్కల పిచ్చి కొంచెం ఎక్కువున్న మామూలు మనిషిని. కింద ఉన్న దూరాలన్నీ శంషాబాద్ నుంచి నేను కూర్చుని లెక్క కట్టినవే. దూరాలను నమ్మొచ్చు. గంటలు మాత్రం అంచనా, ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం అంటే అసలు ఏ దూరం?

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తీయండి. హైదరాబాద్ మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొస లండన్ దాకా లాగి బిగించండి. దారం ఎక్కడా వదులు లేకుండా బిగిసిందంటే అదే అతి తక్కువ దూరం. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. వెబ్‌సైట్లలో, యాప్‌లలో కనిపించేది దాదాపు ఎప్పుడూ ఇదే. విమానం నిజంగా ఎగిరే దారి దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది కానీ తక్కువ మాత్రం ఉండదు.

మరి సీటు ముందున్న స్క్రీన్ మీద దారి వంకరగా ఎందుకు కనిపిస్తుంది?

వంకర దారిది కాదు, మ్యాప్‌ది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. మనం చిన్నప్పటి నుంచి గోడ మీద చూసే మ్యాప్ 1569లో మెర్కేటర్ అనే ఆయన సముద్రం మీద తిరిగేవాళ్ల కోసం గీసిన పద్ధతి. దిక్కులు సరిగ్గా చూపిస్తుంది, సైజులు మాత్రం పాడుచేస్తుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. ఉత్తరాన అంతా సాగిపోయి ఉంటుంది కాబట్టి అక్కడి దగ్గరి దారి మనకి చుట్టు దారిలా కనిపిస్తుంది.

షికాగో సంగతి చూడండి. గోడ మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం పెడితే మన దగ్గర్నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి ఎక్కి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లి, అవతలి వైపు కిందికి దిగుతుంది. అంటే ధ్రువానికి 1,200 కిలోమీటర్ల దగ్గరికి! మొదటిసారి దారం పెట్టి చూసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు.

వెబ్‌సైట్ లేకుండా నేనే లెక్కపెట్టుకోవచ్చా?

శుభ్రంగా. సైన్, కొసైన్ బటన్లున్న కాలిక్యులేటర్ చాలు. ఇంటర్మీడియట్‌లో ఈ సైన్లూ కొసైన్లూ ఎందుకురా బాబూ అని ఏడ్చాం కదా, ఇందుకు. ఈ పద్ధతి పేరు హావర్‌సైన్. హైదరాబాద్ నుంచి దుబాయ్ చేసి చూపిస్తాను, పక్కన కాగితం పెట్టుకోండి.

శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. దుబాయ్ ఎయిర్‌పోర్టుది 25.25, 55.36. అక్షాంశాల తేడా 8.01, దాన్ని సగం చేస్తే 4.005, దాని సైన్ 0.0698, ఆ సంఖ్యని దానితోనే గుణిస్తే 0.00488. దీన్ని పక్కన రాసుకోండి. ఇప్పుడు రేఖాంశాల తేడా 23.07, సగం 11.535, సైన్ 0.2000, వర్గం 0.0400. ఈ రెండోదాన్ని మాత్రం రెండు అక్షాంశాల కొసైన్లతో కూడా గుణించాలి: 17.24 కొసైన్ 0.955, 25.25 కొసైన్ 0.904, ఈ రెండిటినీ గుణిస్తే 0.864. దాంతో గుణిస్తే 0.0345 వస్తుంది. ముందు రాసుకున్న 0.00488 దీనికి కలిపితే 0.0394. వర్గమూలం 0.1985. దానికి సైన్ ఇన్వర్స్ కొడితే 11.45 డిగ్రీలు, రెట్టింపు చేస్తే 22.9 డిగ్రీలు. భూగోళం మీద ఒక్క డిగ్రీ అంటే 111.2 కి.మీ., కాబట్టి 22.9ని 111.2తో గుణిస్తే 2,546 కి.మీ.

అంతే. పెద్ద వెబ్‌సైట్ల వెనక నడిచేది కూడా ఇదే లెక్క, లేదా దీని అన్నయ్య.

కొసైన్‌తో ఎందుకు గుణించాలి అని మా తమ్ముడు అడిగాడు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరదూరంగా ఉండి, పైకి పోయేకొద్దీ దగ్గరై ధ్రువం దగ్గర కలిసిపోతాయి, సగం వలిచిన బత్తాయి తొనల్లాగా. ఆ ఇరుకుని లెక్కలోకి తెచ్చేది కొసైనే.

ఎక్సెల్‌లో చేస్తే ఏదో పిచ్చి జవాబు వస్తోంది. ఎందుకు?

రెండు కారణాల్లో ఒకటి. ఎక్సెల్ సైన్, కొసైన్‌లకి డిగ్రీలు పట్టవు, రేడియన్లు (కోణాలకి ఇంకో కొలత) కావాలి. డిగ్రీలు అలాగే ఇస్తే ఎర్రర్ కూడా చూపించదు, నిమ్మకు నీరెత్తినట్టు తప్పు జవాబు ఇస్తుంది. ముందు రేడియన్లలోకి మార్చుకోండి.

రెండోది పడమటి రేఖాంశాలకి మైనస్ గుర్తు మర్చిపోవడం. ఇది నేను స్వయంగా చేసిన ఘనకార్యం. డాలస్ రేఖాంశం మైనస్ 97.04 అయితే నేను ఉత్త 97.04 అని కొట్టాను. జవాబు 2,550 కి.మీ. వచ్చింది. దుబాయ్ ఎంతో డాలస్ అంతే! చూసుకోకుండా ఆ షీట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను, "అయితే వారం వారం వచ్చి పొమ్మను" అని మా పెదనాన్న ఒక్క ముక్క పెట్టారు. మైనస్ లేకపోతే ఆ చోటు టిబెట్ పీఠభూమి మీద ఎక్కడో పడుతుంది. మైనస్ పెడితే అసలు జవాబు వచ్చింది: సుమారు 14,420 కి.మీ.

విజయవాడ, వైజాగ్ లాంటి దగ్గరి ఊళ్లకి కూడా ఇంత తతంగం కావాలా?

అక్కర్లేదు. దగ్గరి దూరాలకి భూమి బల్లపరుపు అనుకున్నా కొంపలేం మునగవు. గన్నవరానికి అక్షాంశం తేడా 0.71 డిగ్రీ, అంటే 79 కి.మీ. రేఖాంశం తేడా 2.37 డిగ్రీలు, కొసైన్‌తో సర్దితే 252 కి.మీ. పైథాగరస్ పెడితే 264 కి.మీ. అయిపోయింది. వైజాగ్ 510, బెంగళూరు 456, తిరుపతి 418 దాకా వస్తాయి.

ఇదే పద్ధతి లండన్‌కి వాడితే మాత్రం 430 కి.మీ. దాకా ఎక్కువ చూపిస్తుంది. అసలు దూరం 7,750 అయితే 8,180 వస్తుంది.

ఒక సైట్‌లో ఒక దూరం, ఇంకో సైట్‌లో ఇంకో దూరం. ఏది నిజం?

రెండూ నిజమే అయ్యుంటాయి. భూమి కచ్చితమైన బంతి కాదు, నడుం దగ్గర కొంచెం లావు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. పైన నేను చేసిన లెక్కలో సగటు 6,371 తీసుకున్నాం. కొన్ని సైట్లు ఆ లావుని కూడా లెక్కలోకి తీసుకుంటాయి, అందుకు 1975లో విన్సెంటీ ఇచ్చిన పద్ధతిని చాలామంది వాడతారు. తేడా అర శాతం దాటదు. వందల కిలోమీటర్ల తేడా కనిపిస్తే మాత్రం లెక్క పద్ధతిని అనుమానించకండి, ఎయిర్‌పోర్టునే అనుమానించండి. కింది ప్రశ్న చూడండి.

"హైదరాబాద్" అని కొడితే దుబాయ్‌కి 1,300 కి.మీ. చూపిస్తోంది!

అది సింధ్‌లోని హైదరాబాద్. పాకిస్తాన్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది, దానికీ ఎయిర్‌పోర్టు ఉంది, కోడ్ హెచ్‌డీడీ. మన శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు ఈ కోడ్ బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చింది, బేగంపేటకి బీపీఎం అని వేరే ఇచ్చారు. పాత జాబితాల్లో ఇంకా బేగంపేట అక్షాంశాలే ఉంటే సుమారు 24 కి.మీ. తేడా పడుతుంది. డాలస్‌కి వెళ్తే పెద్ద ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూ, ఊళ్లో ఉన్న చిన్నది డీఏఎల్. శాన్ హొసే అయితే ఇంకా ప్రమాదం: కాలిఫోర్నియాది ఎస్‌జేసీ, కోస్టారికా అనే వేరే దేశంలోది ఎస్‌జేఓ. ఊరి పేరు కొట్టకండి, మూడక్షరాల కోడ్ కొట్టండి. టికెట్ బుక్ చేసేటప్పుడు కూడా ఇదే మాట.

కిలోమీటర్లు, మైళ్లు, నాటికల్ మైళ్లు... గందరగోళంగా ఉంది.

దుబాయ్ 2,546 కి.మీ. అన్నా, 1,582 మైళ్లు అన్నా, 1,375 నాటికల్ మైళ్లు అన్నా ఒకటే. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. పైలట్లు వాడేది రెండోది. అది ఆకాశం నుంచి ఊడిపడ్డ కొలత కాదు, అక్షాంశంలో ఒక డిగ్రీని 60 నిమిషాలుగా చేస్తే అందులో ఒక్క నిమిషం పొడవు అది.

విమానం అంత ఎత్తున ఎగురుతుంది కదా, దూరం పెరగదా?

పెరుగుతుంది. 11 కి.మీ. ఎత్తులో దుబాయ్ దాకా పెరిగేది నాలుగైదు కిలోమీటర్లు. ఔటర్ మీద ఒక ఎగ్జిట్ దాటినంత.

సరే, దూరం తెలిసింది. గంటలు ఎలా?

జెట్ విమానమైతే దూరాన్ని 850తో భాగించి ఒక అరగంట కలపండి. ఆ అరగంట టేకాఫ్ తర్వాత మెల్లగా ఎక్కడానికి, దిగేముందు మెల్లగా దిగడానికి. ఎయిర్‌బస్ ఏ320 లాంటివి పైన 830 కి.మీ. వేగంతో, పెద్ద విమానాలు 777, 787, ఏ350 లాంటివి 900 కి.మీ. దగ్గర పోతాయి, కాబట్టి బాగా దూరమైతే 880తో భాగించినా తప్పు లేదు. ఢిల్లీ 1,266 కి.మీ., లెక్క ప్రకారం రెండు గంటలు. సింగపూర్ 3,305, నాలుగు గంటల ఇరవై నిమిషాలు. సిడ్నీ 9,565, నేరుగా వెళ్లే విమానం ఉంటే పదకొండున్నర.

మన జిల్లా ఊళ్లకి వెళ్లే ఏటీఆర్ విమానాలకి ఈ లెక్క పనికిరాదు. రెక్కలకి పంకాలు తిరిగేవి అవే, వేగం గంటకి 500 దాకానే.

లెక్కలో రెండు గంటలు వస్తే టికెట్ మీద రెండుంపావు ఉంటుందేం?

టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం కాదు. ఇక్కడ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా ఉండే సమయం. రన్‌వే దాకా పాకడం, ముందున్న విమానాల వెనక లైన్లో నిలబడడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోనే. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి, గాలికి ఎదురుగా లేవాలి, కాబట్టి ఉత్తరాన ఉన్న ఢిల్లీకి వెళ్లే విమానం కూడా ముందు తూర్పుకో పడమరకో లేచి తర్వాత తిరుగుతుంది. ఢిల్లీ మీద రద్దీ ఉంటే పైన రెండు చక్కర్లు అదనం. వీటన్నిటి మీద ఎయిర్‌లైన్లు ఇంకొంచెం కలిపి రాసుకుంటాయి. అందుకే అరగంట ఆలస్యంగా బయల్దేరిన విమానం ఒక్కోసారి టైముకే దిగుతుంది. "పైలట్ భలే తొక్కాడు" అనుకుంటాం కానీ చాలావరకు అది ముందే దాచిపెట్టుకున్న టైమే.

దుబాయ్‌కి వెళ్లేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడుంపావు. దారి ఒకటే కదా?

దారి ఒకటే, గాలి ఒకటి కాదు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి బలమైన గాలులు వీస్తాయి, వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇవి ఉత్తర భారతం మీదుగా జోరుగా పోతాయి, గంటకి 200 కి.మీ. దాటడం మామూలే. పడమటికి పోయేవాళ్లకి ఎదురుగాలి, తూర్పుకి వచ్చేవాళ్లకి వెనక నుంచి తోపు.

అంకెల్లో చూద్దాం. విమానం వేగం 850, గాలి 100 అనుకుందాం. వెళ్లేటప్పుడు నేల మీద లెక్కకొచ్చే వేగం 750, వచ్చేటప్పుడు 950. 2,546ని 750తో భాగిస్తే 3 గంటల 24 నిమిషాలు, 950తో భాగిస్తే 2 గంటల 41 నిమిషాలు. తేడా 43 నిమిషాలు! ఇందులో ఒక తమాషా ఉంది. వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా, చెల్లుకు చెల్లు అనుకుంటాం. కాదు. గాలి లేకపోతే రానుపోను దాదాపు 6 గంటలు, గాలి ఉంటే 6 గంటల 5 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. బైక్ మీద ఘాట్ ఎక్కి దిగినప్పుడు కూడా ఇంతే.

దూరం చూపించే సైట్లు ఇచ్చే "ఫ్లైట్ టైమ్" చాలావరకు గాలిని పట్టించుకోదు, రానుపోను రెండిటికీ ఒకే అంకె ఇచ్చేస్తుంది. నేను గంటలు నమ్మొద్దనేది అందుకే.

భూమి తూర్పుకి తిరుగుతోంది కదా, దానివల్ల కాదా తేడా?

కాదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులో ఉన్న విమానమూ తిరుగుతుంది. నడుస్తున్న ఎంఎంటీఎస్‌లో ఒక రూపాయి బిళ్ల పైకెగరేసి చూడండి, మీ చేతిలోనే పడుతుంది, వెనక బోగీలో కాదు. భూమి తిరగడం వల్లే ఆ గాలులు పడమర నుంచి వీస్తాయన్నది నిజం, ఆ రకంగా సంబంధం ఉంది, అంతవరకే.

అమెరికా విమానం హిమాలయాల మీదుగా నేరుగా ఎందుకు పోదు?

శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం పెడితే అది నేపాల్, టిబెట్ వైపు నుంచే పోతుంది, 13,540 కి.మీ. విమానం ఎవరెస్ట్ కంటే ఎత్తున ఎగరగలదు, కష్టం అక్కడ లేదు. క్యాబిన్‌లో గాలి పీడనం పోయిందనుకోండి, వెంటనే పదివేల అడుగులకి, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగిపోవాలి. మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట వస్తే గొప్ప. టిబెట్ పీఠభూమి నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు. ఇంకెక్కడికి దిగుతారు? అందుకని సాధారణంగా చుట్టూ తిరిగి పోతారు.

కొండలే కాదు, దేశాలు కూడా అడ్డం పడతాయి. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ గగనతలం మూసేసింది. మళ్లీ 2025 ఏప్రిల్‌లో మన దేశపు విమానాలకి మూసింది, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవాళ్లకి ఆ దెబ్బ బాగా తగిలింది. 2022 నుంచి యూరప్, అమెరికా ఎయిర్‌లైన్లకి రష్యా మీదుగా దారి లేదు. దారం దూరం ఒక్క కిలోమీటరు మారలేదు, గంటలు మారాయి.

డాలస్‌కి నేరుగా విమానం లేదు కదా, అప్పుడు దూరం ఎలా లెక్కేయాలి?

ముక్కలు ముక్కలుగా. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,546, దుబాయ్ నుంచి డాలస్ 12,920, మొత్తం 15,465 దాకా. నేరుగా 14,420 కాబట్టి వెయ్యి కిలోమీటర్ల చిల్లర అదనం, అంటే ఏడు శాతం. చాలామంది "అటు పోయి ఇటు పోవడం దండగ" అనుకుంటారు కానీ దుబాయ్, దోహా మనకి పెద్ద చుట్టు కాదు. అసలు కాలం తినేది అక్కడి కుర్చీల్లో కూర్చోవడం.

హైదరాబాద్ నుంచి అమెరికాకి నాన్‌స్టాప్ ఎప్పుడైనా ఉందా?

ఉంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకి మొదలుపెట్టింది, 13,280 కి.మీ. కొంతకాలం నడిపి ఆపేసింది. ఇంతకంటే దూరం ఎగిరేవి ఉన్నాయి, సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 పైచిలుకు. అంటే డాలస్ దాకా కూడా విమానం అందుకోలేని దూరమేం కాదు, గిట్టుబాటు కావాలి అంతే.

ఇంకోమాట, "డైరెక్ట్" అన్నా "నాన్‌స్టాప్" అన్నా ఒకటి కాదు. డైరెక్ట్ విమానం మధ్యలో ఒక ఊళ్లో ఆగొచ్చు, నంబర్ మారదు, అంతే. బుక్ చేసేముందు చూసుకోండి.

టికెట్ మీద తెల్లవారుజామున 4:20కి బయల్దేరి మధ్యాహ్నం 3:45కి డాలస్ చేరుతుందని ఉంది. అంటే పదకొండున్నర గంటలేనా?

అయితే ఎంత బాగుండేది! టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. చలికాలంలో డాలస్ మనకంటే 11:30 గంటలు వెనక. 4:20 నుంచి 15:45 దాకా గడియారం చూపే తేడా 11 గంటల 25 నిమిషాలు, దానికి 11:30 కలిపితే 22 గంటల 55 నిమిషాలు. అదీ అసలు ప్రయాణం. ముక్కల్లో సరిచూడండి: దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగేది 2:40, డాలస్‌కి 16:15. కలిపితే 22:55, సరిపోయింది. పడమటికి వెళ్తే తేడాని కలపాలి, తూర్పుకి వెళ్తే తీసేయాలి.

కొన్ని తేడాలు గుర్తుపెట్టుకోండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర ముందు. లండన్ చలికాలంలో ఐదున్నర వెనక, వేసవిలో నాలుగున్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు, కాబట్టి వేసవిలో డాలస్ తేడా పదిన్నరే. మన దగ్గర ఈ గొడవ లేదు, కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం దేశమంతా ఏడాది పొడవునా ఒకే టైము.

"12వ తారీఖు రాత్రి 2:30 ఫ్లైట్" అంటే ఏ రోజు వెళ్లాలి?

11వ తారీఖు రాత్రి ఇంట్లో భోంచేసి బయల్దేరాలి! దయచేసి ఈ ఒక్కటి జాగ్రత్త. శంషాబాద్ నుంచి విదేశాలకి వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లారేలోపే ఉంటాయి, మనకేమో నిద్రపోయి లేచేదాకా తారీఖు మారదు. మా బంధువుల్లో ఒకాయన 12వ తారీఖు రాత్రి పదకొండున్నరకి రెండు కార్లలో పదిమందితో, పూలదండతో సహా ఎయిర్‌పోర్టుకి వచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన టికెట్ చూసి, "సార్, ఇది నిన్న పోయింది" అన్నాడు. ఆ దండ కారు అద్దానికి వేలాడుతూ ఇంటికొచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరి టికెట్ వచ్చినా తారీఖు పక్కన నేనే పెన్నుతో "ఫలానా రోజు సాయంత్రం ఇంట్లోంచి" అని రాసి ఇస్తాను.

చేరే టైము పక్కన ప్లస్ 1 అని ఉంటుంది, ఏంటది?

బయల్దేరిన తారీఖుకి మరుసటి రోజు అని. ప్లస్ 2 ఉంటే ఎల్లుండి. అమెరికా నుంచి వచ్చేవాళ్లకి ఎక్కువగా కనిపిస్తుంది. రిసీవ్ చేసుకోవడానికి వెళ్లేవాళ్లు దీన్నే మర్చిపోతారు.

హాంగ్‌కాంగ్ మీదుగా వెళ్తే బయల్దేరిన టైముకంటే ముందే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతామట, నిజమేనా?

గడియారం లెక్కలో నిజమే. హాంగ్‌కాంగ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కి పన్నెండున్నర గంటలు ఎగిరితే, చలికాలంలో అదే రోజు ఉదయం తొమ్మిదిన్నరకి దిగుతారు. పసిఫిక్ మధ్యలో తేదీ రేఖ దాటడం వల్ల ఒక రోజు చేతికొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు వడ్డీ లేకుండా తీసేసుకుంటారు.

కనెక్షన్‌కి ఎంత టైము ఉంచుకోవాలి?

ఒకే టికెట్ మీద రెండు విమానాలుంటే ఆ ఎయిర్‌పోర్టుకి సరిపడే కనీస సమయం చూసే అమ్ముతారు, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే సాధారణంగా వాళ్లే ఇంకోదాంట్లో పంపుతారు. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ బాధ్యత మీదే, కనీసం నాలుగైదు గంటలు ఉంచుకోండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే మామూలుగా ఇమిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి కాబట్టి అక్కడ మూడు గంటలకి తగ్గితే నాకైతే టెన్షనే. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే వీల్‌చెయిర్ ముందే అడగండి. నడవలేక కాదు, దారి చూపించడానికి ఒక మనిషి దొరుకుతాడు.

విజయవాడకి విమానంలో గంటే కదా, కారులో ఐదు గంటలు. విమానమే మేలా?

మీరు కూకట్‌పల్లిలో ఉంటే ఒకసారి లెక్కేయండి. ఎయిర్‌పోర్టుకి ట్రాఫిక్‌ని బట్టి గంటంపావు నుంచి గంటన్నర. దేశంలో తిరిగే విమానాలకి చెకిన్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, అంటే కనీసం గంటన్నర ముందుండాలి. గాల్లో గంట. దిగి, సామాను తీసుకుని, గన్నవరం నుంచి ఊళ్లోకి వచ్చేసరికి ఇంకో గంట. ఐదు దగ్గరికి వచ్చేసింది. ఎల్బీనగర్‌లో ఉంటే కారే ముందు చేరుతుంది, పైగా దారిలో ఆగి ఇడ్లీ తినొచ్చు. వైజాగ్, తిరుపతికి మాత్రం విమానమే గెలుస్తుంది.

నిజంగా ఎంతసేపు పట్టిందో ఎక్కడ చూడాలి?

ఫ్లైట్‌రాడార్24 లాంటి వాటిల్లో విమానం నంబర్ కొడితే ఈ మధ్య రోజుల్లో అది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో వస్తుంది. వారం రోజులవి చూసి సగటు వేసుకోండి, ఏ సూత్రం కంటే అదే దగ్గరగా ఉంటుంది. ఉత్త దూరం కావాలంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్‌లో రెండు కోడ్‌లు కొట్టండి, లేదా కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక చోట రైట్ క్లిక్ చేసి దూరం కొలిచే ఆప్షన్ తీసుకోండి, అది కూడా దారం దూరమే చూపిస్తుంది.

ఇవన్నీ వద్దు బాబూ, మా అమ్మ డాలస్ వెళ్తోంది, ఇంటి నుంచి ఇంటికి ఎన్ని గంటలని చెప్పాలి?

పైన వేసిన టికెట్టే తీసుకుందాం. ఇంట్లోంచి ఎయిర్‌పోర్టుకి గంటన్నర, అక్కడ మూడు గంటల ముందు, టికెట్ మీది 23 గంటలు, డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను, పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టాడో మీ అన్నయ్య వెతుక్కోవడం కలిపి రెండు గంటలు, ఇంటికి ముప్పావుగంట. ముప్పై గంటలని చెప్పండి. పులిహోర మాత్రం మొదటి విమానంలోనే తినేయమనండి.